ఆసుపత్రి నుంచి మన వైద్య వివరాలు బయటికి పోతే ఏం చేయాలి

కిందటి ఏడాది కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం, పాలకొల్లుకు దగ్గర్లో ఉండే మా పిన్నికి ఒక ఫోన్ వచ్చింది. అవతలి మనిషి ఆమెను పేరుపెట్టి, అమ్మా అని గౌరవంగా పలకరించాడు. ఆమెకు ఆపరేషన్ జరిగిన తేదీ, ఆసుపత్రిలో ఆమె ఉన్న గది నంబరు, డిశ్చార్జి కాగితం మీద ఉన్న ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు), చివరికి బిల్లు కట్టేటప్పుడు కౌంటర్లో తగ్గించిన మూడు వందల రూపాయల సంగతి కూడా చెప్పాడు. పథకం కింద కొంత సొమ్ము తిరిగి రావలసి ఉందని, ఫోనుకు వచ్చే ఆరు అంకెలు చెబితే ఖాతాలో జమ అవుతుందని అన్నాడు. ఆమె చెప్పింది. పందొమ్మిది వేల రూపాయలు పోయాయి. అంతకంటె పెద్ద నష్టం తర్వాత జరిగింది: ఆ ఆపరేషన్ విషయం కూతురి అత్తవారికి తెలియనివ్వలేదు కనుక, డబ్బు పోయిన సంగతి కూడా ఆమె ఐదు రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఐదు రోజులు ఎంత విలువైనవో ఆమెతో కలిసి బ్యాంకుకూ, పోలీస్ స్టేషనుకూ, ఆసుపత్రికీ, వకీలు దగ్గరికీ తిరిగిన తర్వాత గాని నాకు అర్థం కాలేదు. వైద్య వివరాలు బయటికి పోయినప్పుడు రోగికి చట్టంలో దారులు ఉన్నాయి. కాకపోతే అవి ఒకచోట లేవు. పరిహారం ఇప్పించే దారి ఒకటి, దోషిని శిక్షించే దారి మరొకటి, ఇక ముందు వివరాలు పోకుండా ఆపించే దారి ఇంకొకటి. వీటిలో దాదాపు ప్రతిదానికీ ఒక గడువు ఉంది. ఏ దారిన వెళ్లినా ముందుగా కావలసింది తేదీ వేసిన ఒక కాగితం. అందుకే ఈ వ్యాసంలో కోర్టుల కంటె ముందు కాగితాల గురించి ఎక్కువ చెబుతాను.

వివరాలు పోవడం అంటే ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దొంగలు కంప్యూటర్లోకి చొరబడటమే అనుకోనక్కరలేదు. అలాంటివీ జరుగుతాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు ఐదు సర్వర్లలోని సమాచారానికి తాళం పడి, ఆ మహా ఆసుపత్రి చాలా రోజులు ఓపీ చీటీలు చేత్తో రాయవలసి వచ్చింది. అయితే మన భీమవరం, తణుకు, అమలాపురం, రాజోలు వంటి ఊళ్లలో రోగికి ఎక్కువగా ఎదురయ్యేది అంతకంటె చిన్నది, దగ్గరిది. ల్యాబు కౌంటర్లో కంప్యూటర్ తెర మీద వాట్సాప్ తెరిచి ఉంటుంది. ఎడమ వైపున వరుసగా రోగుల పేర్లు, వాటి కింద రిపోర్టు ఫైళ్లు, క్యూలో నిలబడిన ఎవరైనా చదవగలిగేటట్టు కనిపిస్తుంటాయి. స్కానింగు సెంటరులో మానేసిన కుర్రవాడి ఫోనులో పాత రోగుల నంబర్లు అలాగే ఉండిపోతాయి. కోనసీమ నుంచి కువైట్‌కో, దుబాయికో వెళ్లేవారు వైద్య పరీక్షలకు వెళ్లినప్పుడు రక్తపరీక్ష ఫలితంతో పాటు పాస్‌పోర్టు నకలు కూడా అక్కడే ఇచ్చి వస్తారు. ఈ అన్నింటికీ చట్టం దృష్టిలో ఒకటే పేరు, ఒకటే బాధ్యత: మనం నమ్మి ఇచ్చిన వివరాలను కాపాడటం.

మొదటి మూడు రోజులు

డబ్బు పోయి ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల జాతీయ సహాయ నంబరు. సొమ్ము ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ ఖాతాలోనే దాన్ని ఆపించే ప్రయత్నం అక్కడి నుంచే మొదలవుతుంది, గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. ఆ వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో చోట జరిగిన లోపం వల్ల సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపల తెలిపితే ఖాతాదారు మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలిపితే కొంత పరిమితి వరకు భరించాలి. అయితే ఓటీపీ మనమే చెప్పి ఉంటే, తెలియజేసే వరకు జరిగిన నష్టం మనదేనని అదే ఆదేశం అంటున్నది. పిన్నికి బ్యాంకులో వచ్చిన సమాధానం ఇదే. ఆ సమాధానంతో మనం అక్కడ ఆగిపోకూడదు. ఓటీపీ చెప్పేంత నమ్మకం ఆమెకు ఎందుకు కలిగింది? ఆసుపత్రి దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండని వివరాలు అతను చెప్పాడు కాబట్టి. బ్యాంకు దారి మూసుకుపోయిన చోటనే ఆసుపత్రి బాధ్యత అన్న ప్రశ్న మొదలవుతుంది.

డబ్బు పోకపోయినా, ఎవరో మీ రిపోర్టు చూపించి బెదిరిస్తున్నా, అడిగినంతా ఇచ్చేస్తే అతను ఊరుకుంటాడని అనుకోవద్దు. ఒకసారి ఇచ్చినవారి దగ్గరికి వాళ్లు మళ్లీ వస్తారు. ఆ మెసేజీలు ఎంత అసహ్యంగా ఉన్నా చెరిపివేయకండి. నంబరు, తేదీ, సమయం కనిపించేటట్టు తెరను ఫొటో తీసి ఉంచండి. వచ్చిన ఫోను మార్చకుండా, రీసెట్ చేయించకుండా అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో చూపించేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది, దానికి అసలు పరికరం మన చేతిలో ఉండటం చాలా అవసరం. మాట ద్వారా జరిగినదైతే, గుర్తున్నంత వరకు అదే రోజు ఒక తెల్ల కాగితం మీద రాసి సంతకం చేయండి. అతను చెప్పిన వివరాలు ఏవో, ఏ మాటలతో చెప్పాడో రాయండి. నెల రోజుల తర్వాత అవి గుర్తుండవు.

ఆసుపత్రిలో ఆధార్ నకలు ఇచ్చి ఉంటారు కనుక, ఆధార్ వెబ్‌సైటులోనో, యాప్‌లోనో వేలిముద్రలకు తాళం వేసుకోవడం మంచిది. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూసుకోండి. ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా ఉన్నవారు, ఆ యాప్‌లో ఎవరెవరికి అనుమతి ఇచ్చి ఉన్నారో చూసి అక్కరలేనివి రద్దు చేసుకోవచ్చు.

ఆసుపత్రికి రాయవలసిన ఉత్తరం

ఇదే అన్నిటికంటె ముఖ్యమైన పని అని నా గట్టి అభిప్రాయం, అయినా చాలామంది దీన్ని వదిలేసి నేరుగా స్టేషనుకు వెళతారు. రిసెప్షన్‌లో గట్టిగా అడిగితే రెండు మాటలు చెప్పి పంపేస్తారు; ఆ మాటలకు రేపు రుజువు ఉండదు. రాసిన ఉత్తరానికి జవాబు ఇచ్చినా మనకు ఆధారమే, ఇవ్వకపోయినా ఆధారమే.

తొందర ఎందుకంటే, కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థ, అంటే సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో చెప్పగలిగేవి ఈ లాగ్‌లే. ఆ గడువు దాటాక వాటిని చెరిపివేశామని చెబితే మనం చేయగలిగింది చాలా తక్కువ. కాబట్టి ఆ 180 రోజుల లోపల, వీలైతే మొదటి వారంలోనే, లాగ్‌లను చెరపవద్దని కోరిన ఉత్తరం ఆసుపత్రికి చేరాలి. అదే ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తమ దృష్టికి వచ్చిన 6 గంటల లోపల సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. తెలియజేశారా అని అడిగే వాక్యం కూడా ఉత్తరంలో ఉండాలి.

పిన్ని కోసం మేము రాసిన ఉత్తరాన్ని, పేర్లు తీసివేసి, దాదాపుగా ఇక్కడ ఇస్తున్నాను.

«మేనేజింగ్ డైరెక్టరు గారికి, ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి. నేను మీ ఆసుపత్రిలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా ఐపీ నంబరుతో చికిత్స పొంది, ఫలానా మొత్తం చెల్లించాను. ఫలానా తేదీ మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు ఫలానా నంబరు నుంచి ఫోన్ చేసిన వ్యక్తి నా చికిత్స తేదీని, గది నంబరును, ఐపీ నంబరును, బిల్లులో ఇచ్చిన తగ్గింపును సరిగ్గా చెప్పాడు. ఈ వివరాలను నేను మరెవ్వరికీ ఇవ్వలేదు. నా వివరాలు మీ వద్ద నుంచి ఎప్పుడు, ఎలా బయటికి వెళ్లాయో, వాటిలో ఏమేమి ఉన్నాయో తెలియజేయండి. నా వివరాలను బిల్లింగు సాఫ్ట్‌వేరు సంస్థకు గాని, ల్యాబుకు గాని, బీమా సంస్థకు గాని, మరెవరికైనా గాని ఇచ్చి ఉంటే వారి పేర్లు తెలపండి. ఈ సంఘటనను సెర్ట్-ఇన్‌కు తెలియజేశారో లేదో, తెలియజేస్తే ఏ తేదీనో చెప్పండి. నా ఫైలుకు సంబంధించిన కంప్యూటర్ లాగ్‌లను, బిల్లింగు కౌంటరు సీసీ కెమెరా దృశ్యాలను ఈ వ్యవహారం ముగిసే వరకు చెరపకుండా ఉంచండి. నా కేసు షీటు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల పూర్తి నకళ్లను 72 గంటల లోపల ఇప్పించండి. నా ఫిర్యాదుకు ఒక నెలలోపల లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.»

ఇందులోని 72 గంటలు, ఒక నెల అన్న గడువులు మేము కల్పించినవి కావు. రోగి అడిగిన 72 గంటల లోపల రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ల వరకు రికార్డులు భద్రపరచాలని కూడా అవే చెబుతున్నాయి. ఫిర్యాదును నెలలోపల పరిష్కరించాలన్నది సమాచార సాంకేతిక చట్టం (ఐటీ చట్టం) కింద 2011లో వచ్చిన నియమాలలో ఉంది. ఆ నియమాలే శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను, వేలిముద్రల వంటి వాటిని సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా పేర్కొన్నాయి. ఉత్తరాన్ని రెండు ప్రతులు రాసి, ఒకటి స్వయంగా ఇచ్చి రెండోదాని మీద ఆసుపత్రి ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, చేరినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పోస్టులో పంపి ఆ రశీదు దాచండి.

పరిహారం ఎక్కడ అడగాలి

ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి చికిత్స చేయించుకున్నవారికి నేను మొదట సూచించేది జిల్లా వినియోగదారుల కమిషన్. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంకో సౌకర్యం చేరింది: వినియోగదారు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత వివరాలను చట్టం అనుమతించని విధంగా ఇతరులకు వెల్లడి చేయడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. వివరాలను కాపాడలేకపోవడం సేవాలోపం, వెల్లడించడం అనుచిత పద్ధతి అని రెండు విధాలుగానూ ఫిర్యాదులో రాయాలి. ఎందుకంటే ఎవరైనా చొరబడి దొంగిలించారని ఆసుపత్రి అంటే మొదటిది నిలబడుతుంది. సిబ్బందే ఇచ్చారని తేలితే రెండోది నిలబడుతుంది.

ఈ దారిలో సామాన్యుడికి అనుకూలమైనవి చాలా ఉన్నాయి. ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే కేసు వేయవచ్చు, ఆసుపత్రి హైదరాబాదులో ఉన్నా సరే. ఉభయ గోదావరి ప్రాంతంలో ఏలూరు, కాకినాడ, రాజమహేంద్రవరంలలో కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన బిల్లు 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఇక్కడ లెక్కకు వచ్చేది మీరు ఆసుపత్రికి కట్టిన మొత్తం, కోరే పరిహారం కాదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ఈ-జాగృతి అనే వెబ్‌సైటు ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపల వేయాలి. కమిషన్ తీర్పు నచ్చకపోతే 45 రోజుల లోపల రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మీ బిల్లును బీమా సంస్థ కట్టినా అది ఉచిత సేవ కాదని శాంత కేసు తీర్పులోనే ఉంది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలుస్తున్న ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స పొందినవారు కూడా, తమ తరఫున ఆసుపత్రికి సొమ్ము చెల్లింపు జరిగిందన్న వాదనకు అదే తీర్పును ఆధారంగా చూపవచ్చు.

రెండో దారి సమాచార సాంకేతిక చట్టంలోని 43ఎ సెక్షన్. సున్నితమైన సమాచారాన్ని దగ్గర ఉంచుకున్న సంస్థ తగిన భద్రత పాటించడంలో నిర్లక్ష్యం చేసి, దానివల్ల ఎవరికైనా అక్రమ నష్టం జరిగితే పరిహారం చెల్లించాలని ఆ సెక్షన్ చెబుతుంది. కంపెనీ అయినా, భాగస్వామ్య సంస్థ అయినా, ఒక్క డాక్టరు నడిపే నర్సింగు హోమ్ అయినా దీని కిందికి వస్తుంది. దీనికి సివిల్ కోర్టుకు వెళ్లనక్కరలేదు, వెళ్లడానికి వీలు కూడా లేదు. 5 కోట్ల రూపాయల వరకు కోరే పరిహారాన్ని రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే అడ్జుడికేటింగ్ ఆఫీసరు (తీర్పు చెప్పే అధికారి) హోదాలో విని తేల్చుతారు. దరఖాస్తును వెలగపూడిలోని రాష్ట్ర సచివాలయానికి పంపాలి. కోరే మొత్తాన్ని బట్టి ఫీజు పెరుగుతుంది.

ఈ దారి ఎల్లకాలం తెరిచి ఉండదు, ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 43ఎ సెక్షన్‌ను తీసివేస్తుంది. ఆ చట్టం కింద నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన నిబంధనలు, 43ఎ తొలగింపుతో సహా, 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. కొత్త చట్టంలో ఆసుపత్రి మీద పడే జరిమానా చాలా పెద్దది: భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు, సమాచారం పోయిన సంగతి డేటా రక్షణ బోర్డుకూ బాధితులకూ తెలియజేయకపోతే 200 కోట్ల వరకు. అయితే ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. బాధితుడికి పరిహారం ఇప్పించే నిబంధన ఆ చట్టంలో లేదు. పోయినవి రోగి వివరాలు, వచ్చే జరిమానాలో రోగికి పైసా లేదు. ఇది నాకు ఎంతో బాధ కలిగించిన విషయం. కాబట్టి 43ఎ కింద అడగదలచినవారు ఆలస్యం చేయకూడదు. వినియోగదారుల కమిషన్ దారిని మాత్రం కొత్త చట్టం మూసివేయలేదు.

అలాగని కొత్త చట్టం నిరుపయోగమని అనలేము. అది పూర్తిగా అమలులోకి వచ్చాక, వివరాలు పోయిన సంగతిని ఆసుపత్రి ఆలస్యం లేకుండా ప్రతి బాధితుడికీ సులభమైన మాటల్లో చెప్పాలి. బోర్డుకు 72 గంటల లోపల పూర్తి నివేదిక ఇవ్వాలి. తన వివరాలు ఎవరెవరికి ఇచ్చారో అడిగే హక్కు, సరిదిద్దించే హక్కు, అవసరం తీరినవాటిని చెరిపించే హక్కు రోగికి వస్తాయి. ముందు ఆసుపత్రికి ఫిర్యాదు చేసి, అక్కడ తేలకపోతేనే డేటా రక్షణ బోర్డుకు వెళ్లాలి. తప్పుడు ఫిర్యాదుకు 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది కనుక ఆధారం చేతిలో పెట్టుకుని వెళ్లాలి.

మూడో దారి ఖర్చు అస్సలు లేనిది: శాశ్వత లోక్ అదాలత్. న్యాయసేవాధికార సంస్థల చట్టంలో ఆసుపత్రి సేవను ప్రజోపయోగ సేవగా పేర్కొన్నారు, కాబట్టి కోటి రూపాయల లోపు వివాదాన్ని అక్కడికి తీసుకెళ్లవచ్చు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతే వారే తీర్పు చెబుతారు, దాని మీద మామూలు అప్పీలు ఉండదు. అక్కడ దరఖాస్తు వేశాక అదే వివాదంతో మరో కోర్టుకు వెళ్లడానికి వీలులేదు. ఆసుపత్రితో రాజీ కుదురుతుందన్న ఆశ ఉన్నవారికి ఇది మంచిది. ఆసుపత్రి అసలు ఒప్పుకోకుండా మొండికేస్తే కమిషనే మేలు. ఏ దారి అయినా మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేసినా, ఏలూరు, రాజమహేంద్రవరం కోర్టుల ఆవరణలో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లినా వకీలును ఏర్పాటు చేస్తారు.

ఎంత అడగాలన్నది అందరూ అడిగే ప్రశ్న. పోయిన సొమ్ము, తిరుగుడు ఖర్చులు, పోయిన పనిరోజులు, మానసిక వేదన అని విడివిడిగా లెక్క రాయండి. ఆక్వా చెరువు మీద కూలికి వెళ్లే మనిషి నాలుగు రోజులు స్టేషను చుట్టూ తిరిగితే ఆ నాలుగు రోజుల కూలీ కూడా నష్టమే. బస్సు టిక్కెట్లు కూడా దాచండి. ఆధారం లేని లక్షల కంటె, రశీదులున్న వేలు కమిషన్ ముందు గట్టిగా నిలబడతాయి.

శిక్ష కోసం

పోలీసు ఫిర్యాదు పరిహారం కోసం చేసేది కాదు, అయినా చేయడం అవసరం, ఎందుకంటే ఆసుపత్రిలో ఎవరు వివరాలు ఇచ్చారో తేల్చే అధికారం పోలీసులకే ఉంది. కాంట్రాక్టు కింద తనకు అందిన వ్యక్తిగత వివరాలను, నష్టం కలుగుతుందని తెలిసి కూడా అనుమతి లేకుండా బయటపెట్టినవారికి ఐటీ చట్టం 72ఎ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ల్యాబు ఉద్యోగి రోగుల జాబితా అమ్ముకుంటే వర్తించేది ఇదే. వేరే మనిషినని నమ్మించి మోసం చేస్తే 66డి, గుర్తింపు వివరాలు వాడుకుంటే 66సి. ఐటీ చట్టం నేరాలను ఇన్‌స్పెక్టరు, అంతకు పై స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల లోపల వెళ్లి సంతకం చేయాలి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

డాక్టరే రోగి రహస్యాన్ని బయటపెట్టి ఉంటే, విజయవాడలోని రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. కోర్టు ఆదేశం, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం, ప్రభుత్వానికి తప్పక తెలపవలసిన వ్యాధి, ఈ మూడు సందర్భాలలో తప్ప రోగి రహస్యం చెప్పకూడదని 2002 నిబంధనలే అంటున్నాయి. మండలి పరిహారం ఇప్పించదు. డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు.

ప్రభుత్వాసుపత్రి అయితే

అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రికి వినియోగదారుల చట్టం వర్తించదని శాంత కేసు తీర్పు. వ్యాపార, వృత్తి సంస్థల కోసం రాసిన 43ఎ సెక్షన్ కూడా ప్రభుత్వాసుపత్రికి సరిపోదు. అక్కడ రెండు పనులు చేయాలి. ముందు సమాచార హక్కు చట్టం కింద, నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారు, ఏ భద్రతా చర్యలు ఉన్నాయి, ఏ విచారణ జరిగింది అని అడగాలి. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఆ జవాబుతో, అవసరమైతే, రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ (హక్కును కాపాడమని కోరే పిటిషన్) వేయవచ్చు. వ్యక్తిగత గోప్యత 21వ అధికరణంలో భాగమైన ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పిన తర్వాత, ప్రభుత్వ సంస్థ ముందు రోగి హక్కుదారుగానే నిలబడతాడు.

కొన్ని జబ్బులకు ఇంకా గట్టి రక్షణ ఉంది, ఈ సంగతి బాధితులకు ఎవరూ చెప్పడం లేదు. హెచ్ఐవీ ఉన్నవారి స్థితిని వారి అనుమతి లేకుండా వెల్లడించరాదని 2017 నాటి చట్టం చెబుతుంది. ఇలాంటి ఫిర్యాదులు విచారించే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, కోర్టులో పేరు దాచి మారుపేరుతో కేసు నడిపించమని కోరవచ్చు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు వెల్లడిస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడుతుందని 2021 సవరణలో ఉంది. మానసిక చికిత్స పొందినవారి గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కాపాడుతుంది.

మిగిలిన జబ్బుల వారికి కూడా, తమ రహస్యం కేసు కాగితాల ద్వారా మళ్లీ బయటపడుతుందన్న భయం ఉంటుంది. అది చాలామందిని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఫిర్యాదులో జబ్బు పేరు రాయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. వైద్య కాగితాలను సీలు వేసిన కవరులో దాఖలు చేయడానికి అనుమతి ఇమ్మని, ఉత్తర్వులో పేరుకు బదులు పొడి అక్షరాలు వాడమని విడిగా ఒక అర్జీ పెట్టుకోవచ్చు. ఏలూరు కమిషన్‌లో దాఖలు చేసిన ఫిర్యాదులో మా పిన్ని ‘ఒక శస్త్రచికిత్స’ అని మాత్రమే రాయించింది. డిశ్చార్జి కాగితాన్ని కవరులో పెట్టి, అంటించి, అంటించిన చోట అడ్డంగా తన సంతకం చేసి, తర్వాతే వకీలు చేతికి ఇచ్చింది.